కోట దాటాక, సముద్రం దిక్కుగా

ఈ వేసవి సెలవుల్లో మా బడి టీచర్లు ఐదుగురు గ్రీసు వెళ్ళారు. ఏ రోజు ఏ ఊళ్ళో ఉండాలో, ఏ శిథిలాన్ని ఎండ ముదరకముందే చూడాలో, దేన్ని సాయంత్రానికి వదిలిపెట్టాలో వాళ్ళకు రాసి ఇచ్చింది నేను. స్టాఫ్ రూములో నా బల్ల మీద, నా ఎర్ర పెన్నుతో, నాలుగు మధ్యాహ్నాలు భోజనం పక్కన పెట్టి తయారు చేసిన కాగితం అది. టికెట్లు తీసుకునే రోజు వచ్చేసరికి, "మీకు మోకాళ్ళ నొప్పులు కదా మేడమ్, అక్కడన్నీ మెట్లే" అన్నారు. లిఫ్టు చెడిపోయిన నెలంతా దోహాలో, ఉమ్ ఘువైలినా పేటలోని మా మూడో అంతస్తుకు కూరగాయల సంచులు మోసిన మోకాళ్ళివి. ఆ మాట అన్నది ఎవరో, అప్పుడు తల దించుకుని టిఫిన్ డబ్బా మూత సర్దుకున్నది ఎవరో నాకు గుర్తుంది.

గ్రీసు మీద నాకున్నది కొత్త మోజు కాదు. కృష్ణా జిల్లాలో మా ఊరి చర్చి ఆదివారపు బడిలో కొరింథు, థెస్సలొనీక, ఏథెన్సు అనే పేర్లు మాకు బందరు, బెజవాడల కంటే ముందు తెలుసు. ఆ ఊళ్ళలో ఇళ్ళెలా ఉండేవో, మనుషులు ఏం తినేవారో మాత్రం ఎవరూ చెప్పలేదు. తర్వాత చరిత్ర చదివి, దోహాలో పదిహేడేళ్ళుగా సోషల్ చెబుతూ, ప్రతి ఏడూ ఆ రాతి స్తంభాలను బోర్డు మీద గీసి పిల్లలకు చూపిస్తూ వచ్చాను. ఒక్కసారి నిజమైన స్తంభం నీడలో నిలబడాలనుకున్నాను.

వాళ్ళ ఫోటోలు గ్రూపులో రోజూ వచ్చేవి. ఒక్కదానికీ నేను బొటనవేలు గుర్తు పెట్టలేదు. కానీ ప్రతి ఫోటోనూ పెద్దది చేసి చూశాను. నా కాగితం ప్రకారమే తిరుగుతున్నారు.

వచ్చే మార్చికి నాకు అరవై నిండుతాయి. మా బడి నియమం ప్రకారం ఉద్యోగం ఆ నెలతో సరి. ఈలోగా ఒక్కసారైనా పిల్లలను ఒక పాత ఊరి శిథిలాల మధ్య నిలబెట్టి పాఠం చెప్పాలన్నది నా పట్టుదల. ఖతర్‌లోనే అలాంటి ఊరు ఉంది. వాయవ్య తీరాన అల్ జుబారా. రెండున్నర శతాబ్దాల క్రితం ముత్యాల వేటతో, ఓడల వ్యాపారంతో వెలిగి, తర్వాత దాడుల్లో కాలిపోయి, ఇసుక కింద మిగిలిన పట్నం. ఈ ఏడాది పిల్లల యాత్రల జాబితాలో దాన్ని చేర్చమని ఒక గురువారం మా ప్రిన్సిపాల్‌ను అడిగాను. ఆయన సోమవారం సెలవు మీద ఊరికి వెళ్తున్నారు. ఆదివారం ఇక్కడ పనిదినమే, ఆ రోజు జాబితా మీద సంతకం పెట్టేస్తారు. నా మాట పూర్తిగా విని, ఒక ఫైలు తెప్పించి, అందులోంచి నా పాత ఉత్తరాన్నే తీసి నా ముందు పెట్టారు.

"అక్కడ చూడదగినదేమీ లేదని రాసింది మీరే కదా మేడమ్" అన్నారు.

పిల్లలు అక్కడ ఏం చూస్తారో, ఎక్కడ నిలబడతారో ఆదివారం మధ్యాహ్నంలోపు రాసి ఇమ్మన్నారు. ఈ ఉత్తరానికి కూడా మీరే జవాబు రాయాలి, అది లేకపోతే సంతకం లేదు అన్నారు.

ఆ ఉత్తరం కథ చెప్పాలి. ఏడేళ్ళ క్రితం జనవరిలో ఎనిమిదో తరగతిని బస్సులో జుబారా తీసుకెళ్ళాను. బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. మైకు పనిచెయ్యలేదు. డ్రైవరు హైదరాబాదు పాతబస్తీ మనిషి. దారి పొడుగునా ఆయనతో నాకు ఈ రెండింటి మీదే గొడవ. ఎడారి మధ్యలో, నాలుగు మూలలా బురుజులతో ఒక కోట కనిపించగానే పిల్లలు బాత్రూమ్ అన్నారు, బస్సు ఆగింది. నేను అందరినీ దింపి, కోట గోడకు వీపు ఆనించి నిలబడి, ఇదే ఆ ప్రాచీన పట్నం, ఇక్కడే ముత్యాల వర్తకులు ఉండేవారు అని పాఠం మొదలుపెట్టాను. ఒక అమ్మాయి గోడ పక్కనున్న బోర్డు చదివింది. ఆ కోట గత శతాబ్దంలో సరిహద్దు కాపలా కోసం కట్టింది. "మేడమ్, మా తాతగారు దీనికంటే పెద్దవారు" అంది. బస్సెక్కాక కూడా నవ్వులు ఆగలేదు.

మర్నాడు ఉత్తరం రాశాను. దారి తెలియని డ్రైవరు మమ్మల్ని తప్పు చోట దింపాడని, అక్కడ చూడదగినదేమీ లేదని, పైగా పిల్లల ముందు నాకే చరిత్ర చెప్పబోయాడని రాశాను. ఆ నెల నుంచి ఆయనను పిల్లల యాత్రలకు పంపడం మానేశారు, స్టాఫును దింపి తెచ్చే వేళాపాళా లేని ఎయిర్‌పోర్ట్ డ్యూటీ వేశారు. ఇప్పటికీ అదే డ్యూటీ. గేటు దగ్గర కనిపించినప్పుడల్లా సలాం పెడతాడు. నేను తల ఊపుతాను.

శనివారం పొద్దున్నే ఐదింటికి బయలుదేరాం. జూలైలో ఆ వేళకే దోహా రోడ్లు వేడి కక్కుతూ ఉంటాయి. గడ్డకట్టించిన మజ్జిగ సీసాలు నాలుగు, ఇడ్లీ డబ్బా, రెండు గొడుగులు వెనక సీట్లో పెట్టాను. మా ఆయన ఒక కంపెనీలో స్టోర్సు చూస్తారు. వారానికి ఒక్కరోజు ఆలస్యంగా నిద్ర లేచే హక్కు తనకుందని ఆయన నమ్మకం.

"గ్రీసు వాళ్ళ మీద కోపం నా సెలవు రోజు మీద తీర్చుకుంటున్నావు" అన్నారు స్టీరింగు తిప్పుతూ.

"మీరు కారు నడపండి. చరిత్ర నేను చూసుకుంటాను."

"ఈ మాటే ఆ బస్సు డ్రైవరుతో కూడా అనుంటావు."

నేను వెనక్కి వంగి మజ్జిగ సీసాలు సర్దాను. అలాగే అన్నాను కాబట్టి.

గంటంపావు ఉత్తరానికి, తర్వాత పడమటికి. చెట్టూ చేమా లేని చదును నేల, అక్కడక్కడ తెల్లగా ఉప్పు పేరుకున్న మడులు. కోట కనిపించగానే మా ఆయన బండి పక్కకు తీసి ఇంజను ఆపారు. "వచ్చేశాం. ఇదిగో నీ గ్రీసు" అన్నారు.

కోట దగ్గర ఒక ఆఫ్రికా దేశపు కాపలా మనిషి నీడలో కూర్చుని ఉన్నాడు. లేచి వచ్చి, ఇంగ్లీషులో, చాలా మర్యాదగా చెప్పాడు. అందరూ ఇక్కడే ఆగుతారట, ఫోటో దిగి వెళ్ళిపోతారట. ఇది కోట మాత్రమే, పట్నం ఇంకా ముందుంది అని, కుడిచెయ్యి పైకెత్తి పడమటికి చూపించాడు. అతని వేళ్ళ చివర, చాలా దూరంలో, సముద్రం సన్నని గీతలా మెరుస్తోంది.

ఆ చెయ్యిని నేను ఇంతకుముందు చూశాను. అదే చోట, అదే దిక్కుకు. ఏడేళ్ళ క్రితం, నేను కోట గోడకు ఆనుకుని పాఠం చెబుతుంటే, డ్రైవరు పిల్లల వెనక నుంచి చెయ్యెత్తి, "మేడమ్, ఇది కాదు. అసల్ ఊరు ఇంక ముందుకి ఉన్నది, సముద్రం దిక్కు" అన్నాడు. "నువ్వు బస్సు నడుపు, చరిత్ర నేను చెప్తాను" అన్నాను. పిల్లలు నవ్వారు. అప్పుడు నవ్వింది నన్ను చూసి కాదు, అతన్ని చూసి.

ఆ మాట నేను మర్చిపోయానని చెప్పను. నేనేదీ మర్చిపోను. నాకు జరిగిన అవమానాల్లో ఒకటిగా దాన్ని ఏడేళ్ళు అక్షరం పోకుండా దాచుకున్నాను. అది దారి చెప్పిన మాట అని ఆ పొద్దున అర్థమైంది.

"ఏమైంది?" అన్నారు మా ఆయన.

"ఏం కాలేదు. ముందుకు పోనివ్వండి."

ఊరి చుట్టూ గోడ, గోడకు అక్కడక్కడ గుండ్రటి బురుజుల మొదళ్ళు. లోపల నా భుజం కంటే ఎత్తైన గోడ ఎక్కడా లేదు. మొదట చూస్తే ఎవరో పెద్ద ఇల్లు కట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేసినట్టుంటుంది. పది అడుగులు వేశాక కళ్ళు అలవాటు పడతాయి. ఇది గుమ్మం. ఇది వాకిలి. ఇది పొయ్యి, మసి ఇంకా ఉంది. ఇక్కడ స్నానం చేసేవారు, నీళ్ళు బయటికి పోవడానికి తూము. ఈ సందులో ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు ఒదగాలి. గ్రీసు దేవాలయాలతో దీన్ని నేను పోల్చను, వాటిని చూడలేదు కాబట్టి. చూడనివ్వలేదు. కానీ నాకు చిన్నప్పుడు ఎవరూ చెప్పనిది ఇక్కడ నేల మీద పరిచి ఉంది. మనుషులు ఎక్కడ వండుకున్నారో, ఎటు తిరిగి కూర్చున్నారో, నీళ్ళెక్కడ పారబోశారో.

ఒక గోడ దగ్గర ముగ్గురు పనివాళ్ళు తలలకు తువ్వాళ్ళు చుట్టుకుని మట్టి పూస్తున్నారు. మేమిద్దరం గొడుగు ఎవరు పట్టుకోవాలనే విషయం మీద వాదించుకుంటుంటే వాళ్ళలో ఒకాయన తిరిగి చూశాడు.

"తెలుగోళ్ళేనా అమ్మా?"

జగిత్యాల వైపు మనిషి, నలభై అయిదేళ్ళుంటాయి, మేస్త్రీ. వేసవిలో పదింటి తర్వాత బయట పని చెయ్యనివ్వరు కాబట్టి తెల్లవారకముందే మొదలుపెడతారట. పని ఆపకుండానే మాట్లాడాడు. ఊళ్ళో వాళ్ళకు తను దుబాయ్‌లో ఉన్నట్టే లెక్క.

"దుబాయ్‌ల ఏం పని జేస్తున్నవ్‌రా అంటరు. కూలిపోయిన గోడలకు మట్టి పూస్తున్న అంటే నగుతరు. ఆడ గంత పెద్ద బిల్డింగులు కడుతుంటె నీకు గివే దొరికినయా అంటరు."

తను నవ్వాడు, తాపీ మాత్రం ఆగలేదు. పదిహేనేళ్ళు దోహా టవర్లలో సిమెంటు పని చేసి ఇక్కడికి వచ్చాడు. మొదటి గోడకు తన పద్ధతిలో గట్టిగా, నున్నగా పూస్తే, ఇక్కడి ఇంజనీరు గీకెయ్యమన్నారు. మూడుసార్లు గీకించారు.

"కోపం రాలేదా?" అని అడిగాను. ఈ ప్రశ్న నేను అందరినీ అడుగుతాను.

"ఎందుకు రాదమ్మా. రెండు దినాలు ఎవల్తోని మాట్లాడలే. మూడో దినం ఒక గోడ సూపిచ్చిన్రు. ఎన్కట ఎవలో సిమెంటు పెట్టిన జాగ. సిమెంటు గట్టిగనే ఉన్నది, ఎన్క రాయి పొడిపొడి అయింది. సముద్రం ఉప్పు రాయిలకెల్లి బయటికి రావాలె, సిమెంటు రానియ్యది. అందుకే మనం పూసేది రాయి కంటె మెత్తగుండాలె. ఉప్పు దీన్ని తినాలె, రాయిని తినొద్దు. మల్ల ఏడు మల్ల పుయ్యాలె."

అంటే తను పూసింది పాడైపోవడమే దాని పని అన్నమాట. అరచేత్తో గోడను ఒకసారి తట్టి చూసుకుని, తడి బొటనవేలితో ఒక పగులును మూశాడు. నేను పదిహేడేళ్ళలో ఎన్నో పాఠాలు చెప్పాను, కానీ ఎదుటి మనిషి పనిని అంత సేపు, అంత ఇష్టంగా నిలబడి చూసిన రోజు ఇంకొకటి గుర్తులేదు.

పిల్లలను తీసుకొస్తే ఎక్కడ నిలబెట్టవచ్చో అతన్నే అడిగాను. తాపీ నీళ్ళ బకెట్లో వేసి మాతో నడిచాడు. నడవాల్సిన బాటకు రెండు వైపులా రాళ్ళు పెట్టి ఉన్నాయి. పెద్ద ఇంటి వాకిట్లో నలభై మంది రెండు వరుసల్లో పడతారు, పొద్దున అయితే ఎండ వీపు మీద ఉంటుంది. అక్కడి నుంచి సముద్రం కనిపిస్తుంది. ఒడ్డు నుంచి పడవలెళ్ళేవి. మనిషి ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి కట్టుకుని అడుగుకు దిగి, ఊపిరి ఉన్నంతసేపు ముత్యపు చిప్పలు ఏరుకుని పైకి వచ్చేవాడు. హైదరాబాదులో బస్రా ముత్యాలని పేరు పెట్టి అమ్మినవి ఈ నీళ్ళలోవే. మా అమ్మ చెవులకు రెండు ఉండేవి, పెసరగింజంతవి. వాటి కోసం ఎవరో ఇక్కడ నీళ్ళ అడుగున ఊపిరి బిగబట్టాడని ఆవిడకూ తెలియదు, నాకూ అంతవరకు తోచలేదు.

తర్వాత ఒక చిన్న గది చూపించాడు. నేల నిండా, చేటలో పోసిన పిండిలో వేళ్ళతో గీసినట్టు గాళ్ళు, గాడికీ గాడికీ మధ్య బెత్తెడు గట్టు, అన్నీ వాలుగా ఒక మూలకు చేరి ఒక గుంటలో ముగుస్తున్నాయి. ఇదేమిటో ఊహించమన్నాడు. నేను పుస్తకంలో చదివిందేదో చెప్పబోతుండగా, అంతవరకు మజ్జిగ తాగుతూ వెనక నిలబడిన మా ఆయన ముందుకు వచ్చారు. ఆయనది గోదావరి పక్క బెల్లం వండే కుటుంబం.

"పాకం కారే దారి ఇది. బస్తాలు ఇక్కడ ఒకదాని మీద ఒకటి పేరుస్తారు, పై బరువుకు కింది బస్తాలు కారతాయి. ఆ గుంటలో కుండ ఉంటుంది. అవునా?"

"అవును సార్. ఖర్జూరం పండ్ల బస్తాలు, ఖర్జూరం పాకం."

మా ఆయన అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని ఆ వాలు ఎంత ఉందో, కుండ ఎంత నోరు ఉండాలో లెక్క వేసుకుంటూ వేలు చాపారు. ముట్టుకోవద్దు సార్ అన్నాడు మేస్త్రీ. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, ముక్కు నేలకు తగిలేంత దగ్గరగా వంగి చూశారు. ఎంత తెలివైన పని, ఒక్క చుక్క పోదు, ఒక్క చుక్క పోదు అని రెండుసార్లు అన్నారు. ముప్పై మూడేళ్ళ కాపురంలో ఆయన నా చరిత్రను మెచ్చుకోవడం అదే మొదలు. మెచ్చుకున్నది నన్ను కాదు, కట్టినవాళ్ళను. అయినా సరే.

పదింటికి పనివాళ్ళు సామాను సర్దుకున్నారు. మిగిలిన రెండు మజ్జిగ సీసాలు మేస్త్రీకి ఇచ్చాను. పిల్లలను తెస్తే గోడలు ఎక్కనియ్యకు అమ్మా, అది ఒక్కటి చెప్పు అన్నాడు.

కారులో ఏసీ పెట్టుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. పిల్లలు ఏం చూస్తారో, ఎక్కడ నిలబడతారో రెండు పేజీలు ఆగకుండా వచ్చింది. రెండో కాగితం దగ్గర పెన్ను ఆగింది. ఆ ఉత్తరానికి జవాబు.

మొదట బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యమైన సంగతి రాశాను. అది నిజమే. మైకు పనిచెయ్యని సంగతి రాశాను. అదీ నిజమే. దారి చూపించే బోర్డు కోట దగ్గర ఇంకా పెద్దదిగా ఉండాలని రాశాను. చదువుకుంటే మళ్ళీ ఫిర్యాదు ఉత్తరమే అయింది. చింపేశాను.

"డ్రైవరు సంగతి రాయకుండా కూడా సంతకం పెడతారేమో" అన్నారు మా ఆయన. ఆయనకు నేనేమీ చెప్పలేదు, కోట దగ్గర నా మొహం చూసి ఊహించుకున్నారు.

"పెడతారేమో."

"మరి?"

ఆయన మాట నిజమే కావచ్చు. దారి ఇప్పుడు తెలిసిందని ఒక్క వాక్యం రాస్తే చాలు, ఎలా తెలిసిందని ఎవరూ అడగరు. కానీ ఆ డ్రైవరు అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. గుర్తున్న మాటను రాయకుండా ఉండడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. నా మీద అన్న మాటలైతే అందరికీ చెబుతాను, ఇది ఒక్కటి ఎలా మింగను? కొత్త కాగితం తీసుకుని, ఆ రోజు డ్రైవరు సరైన దారి చెప్పాడని, ఏమని చెప్పాడో ఆయన మాటల్లోనే, నేను ఏమని కసిరానో నా మాటల్లోనే రాశాను. తప్పు చోట పాఠం చెప్పింది నేనని రాశాను. నా ఉత్తరం వల్ల పోయిన డ్యూటీ తిరిగి ఇవ్వాలని, ఈ యాత్రకు బస్సు ఆయనే నడపాలని రాసి సంతకం పెట్టాను.

ఆదివారం ప్రిన్సిపాల్ రెండు కాగితాలూ చదివారు. రెండోది రెండుసార్లు చదివారు. దీన్ని ఫైల్లో పెట్టమంటారా అని అడిగారు. పాతదాని మీద పెట్టమన్నాను. ఆయన జాబితా దగ్గరకు లాక్కుని, నవంబరు మూడో వారం ఎదురుగా అల్ జుబారా అని రాసి, నేను అడిగిన నలభైని కొట్టేసి ముప్పై వేసి, సంతకం పెట్టారు. డ్రైవరు పేరు కూడా రాశారు.

బస్సులు నిలిపే షెడ్డు కింద డ్రైవరు అద్దం తుడుస్తున్నాడు. నన్ను చూసి సలాం పెట్టాడు. ఈసారి నేను తల ఊపి పోలేదు. నిలబడి, చెప్పాల్సింది చెప్పాను. ఇలాంటివి చెప్పడం నాకు అలవాటు లేదు, అందుకే పొట్టిగా చెప్పాను. దారి మీరు సరిగ్గానే చెప్పారు, నేనే వినలేదు, ఉత్తరంలో మీ మీద రాసింది తప్పు అన్నాను. ఆయన గుడ్డ పిండుతూ విన్నాడు.

"నాకు అప్పుడు బాధ అయింది మేడమ్" అన్నాడు. "పిల్లలు నవ్విన్రు కదా." గుడ్డ విదిలించి, "మీరు చూసిన్రా ఊరు లోపట?" అని అడిగాడు.

చూశానన్నాను. వాకిళ్ళు, పాకం గది, సముద్రం అన్నీ చెప్పాను.

"నేను చూడలే. ఎన్నిసార్లు పోయినా బస్సు దగ్గరనే ఉంటం మేము. దారి ఒక్కటి తెలుసు."

నవంబరులో బస్సుకు తాళం వేసి మాతో పాటు లోపలికి రావాలని చెప్పాను. పిల్లల ముందు వరుసలో నిలబడి, ఊరు ఎటుందో ఆయనే చూపించాలని చెప్పాను. పొద్దున ఆరింటికి బయలుదేరితే ఎండ వీపు మీద ఉంటుందని, బస్సు ఐదున్నరకే గేటు దగ్గర ఉండాలని కూడా చెప్పాను. ఉంటుంది మేడమ్ అన్నాడు.

ముప్పై మంది పిల్లలు, నేను, ఆయన. నలభై అడిగాను. ఆ వాకిట్లో నలభై మంది హాయిగా పడతారని కొలిచి మరీ రాసి ఇచ్చాను. సెప్టెంబరులో ప్రిన్సిపాల్ తిరిగి వచ్చిన మొదటి రోజే మిగిలిన పది మంది సంగతి అడుగుతాను.